తిరిగి వస్తానని రాసి ఇచ్చినవారు

1917వ సంవత్సరంలో ఒక యువకుడు బరోడా స్టేషనులో రైలు దిగాడు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పుచ్చుకుని, అటుపైన లండనులో అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదువుతూ, ఉపకార వేతనం గడువు ముగియగా చదువు సగంలో ఆపి వచ్చినవాడు. ఆ వేతనం ఇచ్చినది బరోడా సంస్థానమే: నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళు. అందుకు బదులుగా పదేళ్ళపాటు సంస్థానంలో కొలువు చేస్తానని 1913లో అతడు కరారునామా మీద సంతకం చేశాడు. ఆ మాట చెల్లించుకోవడానికే వచ్చాడు.

ఊళ్ళో అతనికి తలదాచుకునే చోటు దొరకలేదు. మహర్ కులంలో పుట్టినవాడు గనుక హిందువుల వసతి గృహాలలో ప్రవేశం లేదు. చివరకు ఒక పారసీ సత్రంలో, పారసీ పేరు పెట్టుకుని దిగవలసి వచ్చింది. కచేరీలో బంట్రోతులు కాగితాలు చేతికి ఇవ్వక, దూరం నుంచే బల్ల మీదకు విసిరేవారు. పదకొండవనాటి ఉదయం కర్రలు పట్టుకున్న పారసీల గుంపొకటి సత్రం మెట్లెక్కి వచ్చి, సాయంకాలంలోగా ఖాళీ చేయకపోతే ప్రాణాలు దక్కవన్నది. ఒక హిందూ మిత్రుణ్ణీ, ఒక క్రైస్తవ మిత్రుణ్ణీ ఆశ్రయం అడిగాడు. ఇద్దరూ ఏదో ఒక మిష చెప్పారు. పొద్దుగూకేదాకా ఊరి ఉద్యానవనంలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయాడు. ఆ యువకుడు భీమరావ్ అంబేద్కర్. ఈ సంగతిని తరువాత ఆయనే స్వయంగా గ్రంథస్థం చేశారు.

విదేశాలలో పైచదువుకు ధన సహాయం చేసే పథకాలను గురించి మాట్లాడేటప్పుడు ఈ కథ ఎవరికీ గుర్తుకు రాదు. కాని ఆ పథకాల అసలు చిక్కంతా ఇందులోనే ఉంది.

వర్ధమాన దేశాల ఉద్యోగులకూ నిపుణులకూ సంపన్న దేశాలు చదువు చెప్పించడం రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పెద్ద ఎత్తున మొదలైంది. 1950లో కొలంబోలో సమావేశమైన కామన్వెల్తు విదేశాంగ మంత్రులు కొలంబో పథకానికి రూపం ఇచ్చారు. 1959లో ఆక్స్‌ఫర్డులో జరిగిన విద్యా మహాసభ కామన్వెల్తు ఉపకార వేతనాలను నెలకొల్పింది. 1987లో జపాను ప్రభుత్వం ధనం సమకూర్చగా ప్రపంచ బ్యాంకు మరొక పథకాన్ని ఆరంభించింది. ఈ చివరిది కళాశాల విడిచి నేరుగా వచ్చే కుర్రవాళ్ళకు కాదు. పట్టం పుచ్చుకున్న తరువాత కనీసం మూడేళ్ళు అభివృద్ధికి సంబంధించిన ఉద్యోగం చేసి ఉండాలి. బ్రిటిష్ ప్రభుత్వపు చీవ్‌నింగ్ వేతనానికి రెండేళ్ళ అనుభవం కావాలి. నీటి పారుదల ఇంజనీరో, జిల్లా వైద్యాధికారో, ప్రణాళికా శాఖ ఉద్యోగో అయితే నేర్చిన విద్య తిరిగి అదే కుర్చీకి చేరుతుందని దాతల ఆలోచన. ఆలోచన మంచిదే. అది నెరవేరడానికి వారు వేసిన ముడి మాత్రం బరోడా మహారాజు వేసినదే: చదువు కాగానే స్వదేశానికి తిరిగి వెళ్ళాలి. చీవ్‌నింగ్ అయితే కనీసం రెండేళ్ళు స్వదేశంలో ఉండాలంటుంది. అమెరికా వారి ఫుల్‌బ్రైట్ నిబంధన కూడా రెండేళ్ళే.

ఈ ముడికి మంచి పేరు తెచ్చిన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉన్నది.

కాలికట్‌లో పుట్టిన వర్ఘీస్ కురియన్ లోహశాస్త్రం చదవాలనుకున్న ఇంజనీరు. ప్రభుత్వ ఉపకార వేతనానికి దరఖాస్తు చేసుకుంటే, ఎంపిక సంఘం వారు పాశ్చరీకరణ అంటే ఏమిటని అడిగారట. పాలను ఏదో ఒక ఉష్ణోగ్రతకు కాచడమేమో అన్నాడు. ఆ పాటి జవాబుకే ఆయనను పాడి ఇంజనీరింగుకు ఎంపిక చేశారు. మిషిగన్‌లో ఆయన చదివినది చాలావరకు తనకు ఇష్టమైన లోహశాస్త్రమే. అయినా బాండు బాండే. తిరిగి వచ్చిన తరువాత ప్రభుత్వం ఆయనను గుజరాతులోని ఆనంద్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ప్రభుత్వ క్రీమరీకి పంపింది. 1949 మే 13న, శుక్రవారంనాడు, కురియన్ అక్కడ అడుగుపెట్టారు.

ఆయనకూ ఇల్లు దొరకలేదు. క్రైస్తవుడు, బ్రహ్మచారి, పైగా మాంసాహారి. ఒక కారు షెడ్డులో కాపురం పెట్టారు. పని లేదు. విడుదల చేయమని నెలనెలా రాజీనామా లేఖలు రాశారు. తీరా ప్రభుత్వం ఒప్పుకున్న తరువాత, మూట కట్టుకుంటుండగా పక్కనున్న పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ వచ్చి, మా యంత్రాలు నిలబడేదాకా ఉండమని అడిగారు. ఆయన ఉండిపోయారు. అమెరికాలో సహాధ్యాయి అయిన దలాయాను కూడా రప్పించుకున్నారు. గేదె పాలతో పాలపొడి తయారు కాదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పిన రోజులవి. దలాయా చేసి చూపించారు. 1955లో ఆ కర్మాగారాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. అమూల్ పేరు తెలియని ఇల్లు నేడు దేశంలో ఉండదు.

బాండు కురియన్‌ను ఆనంద్ దాకా తెచ్చింది, అంతే. గడువు తీరిన మనిషిని అక్కడ నిలిపినది, నీతో మాకు పని ఉన్నదని ఒక రైతు నాయకుడు చెప్పిన మాట. బరోడాలో అంబేద్కర్‌కు ఆ మాట చెప్పినవారు లేరు. మహారాజు సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. ఆ రోజులలో ఒక అస్పృశ్య విద్యార్థిని సముద్రాలు దాటించి చదివించినవాడాయన. అయితే ఆయన సంతకం ఆయన రాజధానిలోని ఒక్క తలుపునూ తెరిపించలేకపోయింది. కారు షెడ్డు దొరికినవాని కష్టమూ, సత్రం నుంచి కర్రలతో తరిమివేయబడినవాని కష్టమూ ఒకటి కావన్నది కూడా ఇక్కడ మరువరాదు.

తిరిగి రానివారి లెక్క వేరు. భీమవరంలో పుట్టిన వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోనూ మామగారి సహాయంతోనూ 1920లలో బోస్టను చేరారు. హార్వర్డులో చదువుకుంటూ ఆసుపత్రిలో ఊడిగం చేసి పొట్టపోసుకున్నారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన నాయకత్వాన లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లమే నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకిచ్చే ఇనుము మాత్రలో చేరి ఉంటుంది. మేధావుల వలస అని గుండెలు బాదుకునేవారు ఈ మాత్రను ఏ పద్దులో రాస్తారో తెలియదు. ఇంటివద్దనే మిగిలిపోయిన ఆయన భార్య నష్టాన్ని మాత్రం ఎవరూ ఏ పద్దులోనూ రాయలేదు.

నేడు కేంద్ర ప్రభుత్వోద్యోగి విదేశీ వేతనం సంపాదించుకుంటే అతని మీద రెండు ముళ్ళు పడతాయి. ఒకటి దాతది. రెండవది 1972 నాటి సెలవు నిబంధనలది: మామూలుగా ఇరవై నాలుగు నెలలకు మించకుండా విద్యా సెలవు, తిరిగి వచ్చాక మూడేళ్ళు కొలువు చేస్తానని బాండు, మానుకుంటే సొమ్ము వాపసు. ఉద్యోగి ఏమి బాకీపడతాడో అందులో స్పష్టంగా ఉంటుంది. నేర్చి వచ్చిన విద్యకు తగిన కుర్చీ చూపిస్తామన్న హామీ లేదు. భూగర్భ జలాల మీద ప్రావీణ్యం సంపాదించి వచ్చిన వానికి కొనుగోళ్ళ విభాగంలో ఫైళ్ళు అప్పగించినా నిబంధన నెరవేరినట్టే. దరఖాస్తులో అభ్యర్థిని, తిరిగి వచ్చి నీవేమి చేస్తావని దాతలు తప్పక అడుగుతారు. అతణ్ణి పంపించే కార్యాలయాన్ని కూడా, ఇతడు తిరిగి వస్తే మీరేమి చేయిస్తారని అంత గట్టిగా అడిగి, జవాబు రాయించుకుంటే బాగుండును.

అంబేద్కర్ 1920లో మళ్ళీ లండను వెళ్ళారు. ఈసారి బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న సొమ్ము, కొల్హాపూర్ మహారాజు, ఒక పారసీ మిత్రుడు చేసిన సహాయం దారిఖర్చులు. బరోడా కరారు ఈ ప్రయాణానికి లేదు. సగంలో ఆగిన చదువు పూర్తిచేసుకుని 1923లో ఆయన తిరిగి వచ్చారు.