ఎంగిలి గొట్టానికి వెల ఎంత?



'ఎంగిలి' అన్న మాటను ఇంగ్లీషులోకి ఒక్క పదంతో తెమ్మంటే ఎంతటి పండితుడైనా తడబడవలసిందే. ఉమ్మి అంటే చాలదు, మిగులు అంటే చాలదు, మైల అంటే మరీ ఎక్కువవుతుంది. ఒక వస్తువుకు ఒక మనిషి నోరు తగిలినప్పుడు ఆ రెంటికీ ఏర్పడే సంబంధానికి మనవాళ్లు పెట్టుకొన్న పేరు అది. పరమలోభిని 'ఎంగిలి చేత్తో కాకిని తోలడు' అంటాము. తెలంగాణలో బతుకమ్మ పండుగ తొలినాటికి ఎంగిలిపూల బతుకమ్మ అని పేరు. తిన్నడు తాను రుచి చూచిన మాంసాన్నే కాళహస్తీశ్వరునికి పెట్టినాడని ధూర్జటి కావ్యం కట్టినాడు. శబరి ఎంగిలిపండ్ల కథ వాల్మీకంలో లేకపోయినా జనం దానిని వదలలేదు. అసహ్యం నుంచి భక్తి దాకా ఇంత దూరం నడిచిన మాట మన భాషలో మరొకటి ఉన్నదో లేదో!

ఈ మాటను ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఒక వ్యాపారం. ఒకరు తాగి విడిచిన పొగాకు పైపును మరొకరు డబ్బిచ్చి కొనడమన్నది పాశ్చాత్య దేశాలలో చిరకాలంగా సాగుతున్న వ్యవహారం. పోయినవారి ఆస్తిలో భాగంగా అమ్మకానికి వచ్చేవి కాబట్టి వీటిని అక్కడ 'ఎస్టేట్ పైపులు' అంటారు. మన ఇండ్లలో తాతగారి చేతికర్రను దాచుకొంటాము, కళ్లజోడును దాచుకొంటాము. ఆయన నోట పెట్టుకొన్న గొట్టాన్ని అమ్ముతామంటే కొనేవాడుండడు, కొంటామంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఈ తేడా మనకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదే నా ప్రశ్న.

ముందు వారి పద్ధతి చూద్దాము. మంచి పైపు గిన్నెను మధ్యధరా తీరాన పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద వేరుబుడిపెతో చేస్తారు. నిప్పుకు తొందరగా కాలిపోని గట్టి కొయ్య అది. నోట పెట్టుకొనే గొట్టం తరచుగా గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో ఉంటుంది. వెలుతురు తగిలి తగిలి ఆ రబ్బరు పచ్చగా మారి చేదెక్కుతుంది. గిన్నె లోపల మసి పొరలు పొరలుగా పేరుకొంటుంది. పాత పైపును బాగుచేసేవాడు ఆ మసిని చెక్కి, గిన్నెలో ఉప్పు నింపి, ఘాటైన సారాయి పోసి ఒక రాత్రి ఉంచుతాడు. అడుగున చేరిన జిడ్డునంతా ఆ ఉప్పు పీల్చుకొంటుంది. అట్లా చేసినా మునుపటివాడు తాగిన పొగాకు వాసన ఒక్కొక్క పైపును వదలదట. దానిని వారు పైపుకు పట్టిన 'దయ్యం' అంటారు. మనకు అంతకంటే మంచి మాట ముందే ఉన్నది. 'వాసన' అంటే పరిమళమూ, పూర్వజన్మ సంస్కారమూ కూడా కదా! గొట్టానికి కూడా పూర్వవాసన ఉంటుందని ఒప్పుకోవడానికి మన వేదాంతులకు అభ్యంతరం ఉండదనుకొంటాను.

అక్కడ ఎంగిలి ఆనవాలు వస్తువు వెలను తగ్గిస్తుంది, ఒక్కొక్కప్పుడు పెంచుతుంది కూడా. ఐన్‌స్టీన్ పైపు ఒకటి అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థవారి జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. దాని నోటిగొట్టం ఆయన పంటిగాట్లకు అరిగి కన్నం పడింది. ఆ కన్నాన్ని ఎవరూ పూడ్చలేదు. పూడ్చి ఉంటే అది మామూలు పైపుగా మిగిలేది.

ఇక మన వైపు రండి. ప్రకాశం జిల్లా పొగాకుకు పెట్టింది పేరు. పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చింది, బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల పేర్లు పొగాకు రైతులందరికీ కంఠస్థం. ఇంత పొగాకు పండించిన సీమకు పడమటి అంచున, నల్లమల నీడలో ఉన్న అర్ధవీడు, కంభం, గిద్దలూరు పల్లెలలో పొగతాగేవాడు ఎరిగినది చుట్ట, ఆ తరువాత బీడీ. పైపు అన్నది దొరల చేతిలోనో, సినిమాలోని జమీందారు చేతిలోనో కనిపించే వస్తువు.

ఈ చుట్టకొక గుణమున్నది. అది వారసులకేమీ మిగల్చదు. పొగాకే గొట్టం, పొగాకే నిప్పుకుంపటి. తాగినవాడితో పాటు సమస్తమూ బూడిద. ఎంగిలి సమస్యకు మన రైతు కనుగొన్న పరిష్కారం ఇంతకంటే సులువైనది ఉండబోదు. ఆఖరి పీక కూడా పారవేయడానికే. కాబట్టి మా ప్రాంతపు పాత పెట్టెలు వెదికితే పొగగొట్టాలు దొరకవు. పొగ చుట్టూ తిరిగిన వస్తువులు దొరుకుతాయి: పొడుం డబ్బీ, సున్నపుకాయ, అడకత్తెర, చుట్టలు దాచుకొన్న పెట్టె, చెకుముకి రాయి, దానితో పాటు ఉండే ఉక్కుముక్క. నోరు తగలనివి కాబట్టి ఇవి నిలిచినవి.

అట్లాగని దక్కనుకు పొగగొట్టం తెలియదనుకోరాదు. నిజానికి ఉత్తరాదికి ఆ అలవాటు దక్కను నుంచే పోయింది. అక్బరు పాదుషా రాయబారిగా బీజాపురం వచ్చిన అసద్ బేగ్ ఇక్కడ పొగాకును చూచి ముచ్చటపడి, 1604 ప్రాంతంలో మంచి రత్నాలు పొదిగిన గొట్టమొకటి సిద్ధం చేయించుకొని పోయి పాదుషాకు సమర్పించినాడు. నోట పెట్టుకొనే కొసకు యెమెను దేశపు కెంపురంగు రాయి, నిప్పుకు బంగారు గిన్నె. అక్బరు రెండు మూడు దమ్ములు లాగినాడనీ, రాజవైద్యులు వారించినారనీ అసద్ బేగే వ్రాసుకొన్నాడు. ఆయన కుమారుడు జహంగీరు 1617లో పొగాకును నిషేధించినాడు. ఆ నిషేధం ఎంత నిలిచిందో తరువాతి చిత్రపటాలలోని హుక్కాలే చెపుతాయి.

ఈ హుక్కాకు పేర్లు కూడా తలా ఒక దిక్కు నుంచి వచ్చినవే. హుక్కా అరబ్బీమాట, భరిణె అని అర్థం. చిలుం పారసీకం. గుడుగుడి అన్నది నీళ్లలో పొగ చేసే చప్పుడును బట్టి పుట్టింది. పశ్చిమాసియాలో దీనిని నర్గిలే అంటారు. అది మన నారికేళమే! తొలినాళ్ల నీటితిత్తి కొబ్బరిచిప్ప కాబట్టి పారసీకులు 'నార్గీల్' అన్న పేరును గొట్టానికీ వాడినారు.

దక్కను హుక్కాలలో మేటి బీదరు పని. 1956 దాకా బీదరు హైదరాబాదు రాజ్యంలోనిదే కాబట్టి ఆ కళ తెలుగువారికి పరాయిది కాదు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, పైన గీతలు చెక్కి, ఆ గీతలలో వెండి తీగను, రేకును అదిమి, చివరికి నవాసాగరం కలిపిన బీదరు కోట మట్టిని పట్టిస్తారు. తుత్తునాగం నల్లబడుతుంది, వెండి నల్లబడదు. చీకటిలో చుక్కలు పొడిచినట్లుండే ఆ పనితనమంతా ఈ మట్టి మహిమ. పదిహేడవ శతాబ్దపు హుక్కా తిత్తులు కుదురు మీద నిలిచే గుండ్రని కుండలవలె ఉండేవి, తరువాత గంట ఆకారం వాడుకకు వచ్చింది. హైదరాబాదు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోనూ, లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలోనూ వీటిని చూడవచ్చు.

అక్కడ చూచినప్పుడు ఒక సంగతి గమనించండి. చాలా చోట్ల తిత్తి ఒక్కటే ఉంటుంది. పాములాంటి గొట్టం లేదు, నోటికొస లేదు. తోలు, గుడ్డ నిలవవన్నది ఒక కారణం. పాత మర్యాదలలో నోటికొస ఎవరిది వారిదే అన్నది మరొక కారణం. అతిథి తన కొసను తాను తెచ్చుకొని గొట్టానికి తగిలించుకొనేవాడు. హుక్కా అందరిదీ, ఎంగిలి ఎవరిది వారిది. అంతేకాదు, అమ్మకానికి వచ్చినప్పుడు కొనేవాడికి కావలసినది కూడా నోరు తగలని భాగమే. దానిని పూలకూజా చేసి బల్ల మీద పెట్టుకోవచ్చు. ఈ విధంగా మనుషుల నోటి భాగమంతా రాలిపోయి, లోహం మాత్రం చరిత్రలోకి వచ్చింది.

నా అభ్యంతరం ఇక్కడే. పాత సరుకు వర్తకం మన దేశంలో రెండే త్రాసులను ఎరుగును. ఒకటి ఇనుపసామాను కొట్లోని త్రాసు: ఇత్తడి కిలో ఇంత. వీధిలో 'పాత ఇత్తడికి కొత్త స్టీలు' అని కేక వేసేవాడు ఎత్తుకొనిపోయిన సామానులో ఏమేమి పోయినవో ఎవరూ లెక్క కట్టలేరు. రెండవది పురావస్తువుల అంగడి త్రాసు: 'నవాబు గారి హుక్కా' అన్న ఒక అబద్ధం, దానికి తగిన వెల. హైదరాబాదు జుమ్మేరాత్ బజారువంటి చోట్ల ఏది పాతదో, ఏది పాతబరచినదో తేల్చుకోవడం కొనేవాడి అదృష్టం. ఈ రెండు త్రాసులలోనూ తూగనిది ఒక్కటే, అది ఎవరి నోటిదన్న సంగతి. ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ వృత్తి, ఎవరు ఎవరికిచ్చినారు? కొయ్యగొట్టం అమ్మే విదేశీ వర్తకుడు ఈ ప్రశ్నలకు కొంతైనా జవాబు చెపుతాడు, ఎందుకంటే ఆ జవాబుకు ధర ఉన్నది. మనకు ఆ జవాబు సిగ్గు. కొనేవాడికి అసహ్యం కలుగకుండా ఉండాలని అమ్మేవాడు వస్తువుతో పాటు దాని మనిషిని కూడా తోమివేస్తాడు.

తోమడమన్న మాట ఊరికే వాడలేదు. మన ఇండ్లలో ఇత్తడిని చింతపండుతో తోముతారు. బీదరు సామానును అట్లా తోమితే పులుపుకు నల్లదనం దెబ్బతింటుంది, నలుపు పోతే వెండిపని కంటికి ఆనదు. తళతళలాడించాలన్న తొందరలో నూరేండ్ల పని ఒక పూటలో పోతుంది. పొడిగుడ్డతో తుడవడం చాలు.

ఎంగిలి భావాన్ని నేను నిందించడం లేదు. అందులో ఆరోగ్యపు తెలివి ఉన్నది. ఒకే గొట్టాన్ని నలుగురు నోట పెట్టుకొంటే క్షయవంటి రోగాలు వ్యాపిస్తాయని వైద్యులు ఈనాడూ చెపుతున్నారు. అయితే అదే భావం నోటిని దాటి మనిషికి అంటుకొన్నది. ఉత్తరాదిలో ఒకరిని వెలివేయడమంటే 'హుక్కా పానీ' బందు చేయడమే. మన పల్లెలలో టీకొట్ల రెండు గ్లాసుల పద్ధతి పుట్టినది కూడా ఈ బుర్రలోనుంచే. నోటి తడి కడిగితే పోతుంది. కులం పేరుతో అంటించినది ఏ ఉప్పుకూ, ఏ సారాయికీ పోదు. కడిగిన తరువాత కూడా ఒక వస్తువు ఎంగిలేనని పట్టుపట్టేవాడు దాని తడిని చూచి భయపడడం లేదు, దాని యజమానిని చూచి భయపడుతున్నాడు. పేదవాడి చిలుము, చెంచువాని చెకుముకి ఏ ప్రదర్శనశాల పెట్టెకూ అంతగా ఎక్కకపోవడానికి ఈ భయం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

'పొగతాగే పనిముట్లను పొగిడితే పొగను పొగిడినట్లు కాదా?' అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్న. గిరీశం పొగాకును అమృతబిందువులకు పుట్టించి పద్యం చదివితే మనమందరమూ నవ్వుకొంటాము, చుట్ట మాత్రం నవ్వుకొని ఊరుకోదు. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను 2003 నాటి చట్టం నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాలలో పొగతాగడంపై కొత్త నియమాలు దేశమంతటా అమలుకు వచ్చినవి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ చట్టాన్ని సవరించింది. ఇవన్నీ మంచి పనులే. తాగడానికని పాత గొట్టం కొనేవాడికి నేను చెప్పేది ఒక్కటే: మానుకో నాయనా! కానీ కత్తిని దాచుకొన్నవాడు యుద్ధాన్ని మెచ్చుకొన్నట్లు కాదు. పొగ ఆరిపోయిన తరువాత మిగిలిన గొట్టం ఒక సాక్ష్యం. మన తాతలు ఏమి సుఖపడ్డారో, దేనివల్ల దగ్గి దగ్గి పోయినారో రెండూ అందులో ఉన్నవి. సాక్ష్యాన్ని పారవేస్తే రెండూ పోతాయి.

కనుక అమ్మేవారికీ, కొనేవారికీ నా మనవి ఇది. నూరేండ్లు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించే అధికారం వ్యక్తులకు లేదు. దంతపు కొస ఉన్న గొట్టమైతే వన్యప్రాణి చట్టం కూడా అడ్డు వస్తుంది. ఇవి తెలియకుండా బేరానికి దిగవద్దు. త్రాసులో వేయబోయే ముందు ఒక చిన్న కాగితం మీద నాలుగు సంగతులు వ్రాయండి: ఎవరిది, ఏ ఊరిది, ఎట్లా వాడేవారు, మీ చేతికి ఎట్లా వచ్చింది. ఆ కాగితాన్ని వస్తువుతోనే ఉంచండి. సబ్బుతో చేయి కడుక్కొని వ్రాసినా ఫరవాలేదు, ఎంగిలికి వెరచి వ్రాయడం మాత్రం మానవద్దు. అమ్మదలచుకొన్నవారు ఆ కాగితంతో సహా అమ్మండి. కొనేవారు కాగితం లేనిదానికి తక్కువ ధర ఇవ్వండి. కాగితానికి ధర పలికిననాడు వర్తకుడే ఆ ప్రశ్నలు అడగడం మొదలుపెడతాడు. చట్టాలవల్ల కాని పని లాభంవల్ల అవుతుంది.

మా అర్ధవీటి సీమలో ఏ అటక మీదనైనా పొడుం డబ్బీయో, చెకుముకియో ఉంటే దానికీ ఇదే మర్యాద. అది కొనేవాడికి ఇత్తడి, ఇనుము. ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఇంకా బ్రతికి ఉండగానే అడిగి వ్రాసుకొనండి. మీ మీ ఊళ్లలో ఇటువంటి వస్తువులకున్న పేర్లు మీకు తెలిసినవి నాకూ తెలుపగలరు. పెద్దలు దోషాలుంటే దిద్దవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.