మాటల మూట: వేగము వేఱు, తొందర వేఱు



మా యింట జరిగిన చిన్న సంగతి యొకటి ఈ మాసమున నాచే ఈ పుట వ్రాయించుచున్నది. ఒకనాటి యుదయమున మా చిన్నదానికి బడివేళ దాటుచున్నది. పొయ్యిమీద అన్నము పొంగుచున్నది. పిల్ల గోళ్లు పెరిగినవని సరిగా అప్పుడే నా కంటబడినది. “క్విక్, క్విక్” అని గద్దించుచు చేయి పట్టుకొని గోళ్లు తీయసాగితిని. ఆ తొందరలో కత్తెర గోటి క్రింది లేతకండకు తగిలి నెత్తురు వచ్చెను. పిల్ల కిక్కురుమనలేదు. కట్టు కట్టుచు “నొప్పిగా లేదుటే?” అని యడిగితిని. “ఏడిస్తే బడికి ఇంకా ఆలస్యమవుతుంది గదమ్మా” అన్నది. ఆ మాట నా గుండెలో ముల్లువలె నాటుకొన్నది.

సాయంకాలము మా వారు సంగతి విని, కొంతసే పూరకుండి, “నీవు పదేపదే అన్న మాటయే ఆ కండకును పేరు, ఎఱుగుదువా?” అనిరి. ఆంగ్లమున గోటి క్రింది సున్నితమైన కండను ‘క్విక్’ అందురట! ఆ రాత్రి పనులు ముగించుకొని నిఘంటువు ముందు వేసికొని కూర్చుంటిని. తెలిసికొన్నది మీకును చెప్పవలె ననిపించినది.

‘క్విక్’ అను మాటకు తొలి యర్థము వేగము గాదు. ప్రాణము గలది యని. పాదరసమును వారు ‘క్విక్‌సిల్వర్’ అనుట, అది ప్రాణమున్న వెండివలె కదలాడును గనుకనే. ప్రాణమున్నది చురుకుగా నుండును గావున క్రమముగా త్వర యను నర్థము వచ్చినది. గోటి క్రిందిది నొప్పి యెఱిగిన ప్రాణమున్న కండ గావున దానికి పాత పేరే నిలిచినది.

‘ఫాస్ట్’ కథ యింకను విచిత్రము. దాని మొదటి యర్థము కదలక గట్టిగా నిలుచునది. బట్టల యంగడిలో ‘ఫాస్ట్ కలర్’ అన్నచో, రంగు పరుగెత్తి పోవునని గాదు, ఎన్ని ఉతుకులకైనను పోక నిలుచునని. గాఢనిద్రలో నున్నవానిని ‘ఫాస్ట్ అస్లీప్’ అందురు. గట్టిగా, బలముగా పరుగెత్తుట యను వాడుకనుండి వేగమను నర్థము తరువాత పుట్టినది.

ఇక ‘స్పీడ్’ అనగా పూర్వము కార్యసిద్ధి, అభ్యుదయము. ప్రయాణమగువారిని ‘గాడ్‌స్పీడ్’ అని దీవించుట, దేవుడు నిన్ను పరుగెత్తించుగాక యని కాదు, నీ కార్యము సఫలము చేయుగాక యని. ‘మోర్ హేస్ట్, లెస్ స్పీడ్’ అను సామెత నాకు మునుపు చిక్కుముడివలె నుండెడిది. తొందర హెచ్చినకొలది సిద్ధి తగ్గునని దాని భావము. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలును చెప్పిరి గదా!

తొందర మాటలకును ఆలస్యము తప్పలేదు. ‘సూన్’, ‘ప్రెజెంట్లీ’ అను రెండును పూర్వము ‘ఈ క్షణముననే’ అని చెప్పునవి. జనులు అట్లు చెప్పి జాగు చేయగా చేయగా ‘కొంతసేపటికి’ అను నర్థమునకు దిగినవి. “ఇదిగో, వచ్చె” అని వంటయింటినుండి కేకవేసి పావుగంటకు వచ్చు మనము వారిని చూచి నవ్వదగదు.

మన భాష ఈ భేదమును వాడుకలోనే చూపుచున్నది. చకచక పని చేసికొను కోడలిని మెచ్చుకొందుము. ఆదరాబాదరాగా చేయుదానిని మందలింతుము. ఇరువురును త్వరగా కదలువారే. ఒకతె చేతిలో పని తెమలును, వేఱొకతె చేతిలో పాలు ఒలుకును. నేనానాడు చకచక పని చేయుచున్నా ననుకొంటిని, చేసినది ఆదరాబాదరా.

నాటినుండి మా యింట గోళ్లు తీయుట ఆదివారపు మధ్యాహ్నమునకు మాఱినది. పుస్తకములును, బట్టలును ముందు రాత్రియే సర్దుచున్నాము. ఉదయమున పది నిమిషములు మిగులుచున్నవి. అలవాటుచేత ఎప్పుడైన నానోట “క్విక్” అని జాఱిన, మా చిన్నది మానిన వ్రేలు చూపి, “బ్రతికే ఉన్నానమ్మా!” అని నవ్వును. నేనును నవ్వుదును గాని, ఆ వ్రేలిని ఒకసారి ముట్టి చూడక విడువలేను.

మీ మీ సీమలలో త్వరను, తొందరను తెలుపు మాటలు, సామెతలు వేఱుగా నుండవచ్చును. తీరిక చూచుకొని వ్రాసి పంపుడు, తొందర లేదు.