మెత్తగా చెప్పడం ఎవరి వంతు?

తెలుగులో తొలి ఆధునిక కథ ఏదన్న వాదం చాలాకాలంగా నడుస్తోంది. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'కు ఆ పీట వేసి దశాబ్దాలు గడిచాక, పరిశోధకులు 1902 నాటి భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి'ని వెలికితెచ్చి దానికి ముందు నిలబెట్టారు. తేదీల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా కథల లోపలి సంగతి మీద పెట్టి ఉంటే బాగుండేది. రెండింటిలోనూ జరిగేది ఒకటే. దారి తప్పిన భర్తను భార్య దారికి తెస్తుంది. అరవదు, శాపనార్థాలు పెట్టదు, పెద్దమనుషుల్లో పెట్టదు. మెత్తగా చెప్పి మనసు మారుస్తుంది.

ఈ పోలిక ఊరికే కుదిరిందని అనిపించదు. మన అలంకారశాస్త్రంలో దీని వేళ్లున్నాయి. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో కావ్యం వల్ల కలిగే లాభాలు చెబుతూ, అది కాంత చెప్పినట్టు హితం చెబుతుందన్నాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఉన్న విద్యానాథుడూ ఈ మాటనే పట్టుకున్నాడు. వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం కాంతలా మనసు కరిగించి ఒప్పిస్తుంది. వందల ఏళ్లపాటు పండితులు వల్లించిన ఈ సూత్రం, మన ఆధునిక కథ పుట్టేసరికి ఏకంగా కథావస్తువై కూర్చుంది.

'దిద్దుబాటు'లో గోపాలరావు చదువుకున్నవాడు. రాత్రిళ్లు సానుల పాట వినడానికి వెళ్తూ, ఇంట్లో మాత్రం సంస్కరణ సభల వల్ల ఆలస్యమవుతోందని చెబుతుంటాడు. గురజాడ గురి ఇక్కడే ఉంది. వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటివారు సానిమేళాలకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తున్న కాలమది. సభల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. ఆ సభే ఈ మొగుడికి సాకు అయింది. ఉపన్యాసం చేయలేని పని ఏదో ఉందని గురజాడకు తెలుసు. ఆ పని ఆయన గోపాలరావు భార్య కమలినికి అప్పగించాడు. ఆమె ఒక ఉత్తరం రాసి పెట్టి కనిపించకుండా పోతుంది. అందులో తిట్లు లేవు. తన వల్లనే కదా ఆయన అబద్ధాలాడవలసి వస్తోంది, ఆ అడ్డు తొలగిపోతే మంచిదని పుట్టింటికి వెళ్తున్నట్టు రాస్తుంది. అంతకంటే గట్టి దెబ్బ లేదు. అప్పటిదాకా నౌకరు రాముడి మీద కేకలేసిన మనిషి, ఇప్పుడు అదే రాముణ్ని బతిమాలుకుంటాడు. అమ్మగారి దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో, ఎంత వినయంగా చెప్పాలో నేర్పిస్తాడు. ఇక సానుల పాట వినను, రాత్రిళ్లు ఇల్లు కదలనన్న మాట తన నోటితో తనే అంటాడు. ఎవరూ అతని చేత ఒట్టు వేయించలేదు. మంచం కింద నుంచి నవ్వు వినిపించాక గానీ ఆ మాట ఎవరి చెవిన పడిందో అతనికి తెలియదు.

అచ్చమాంబ కథలోని భార్య విజయలక్ష్మిది వేరే పద్ధతి. దాపరికం లేదు, నాటకం లేదు. బొంబాయిలో పేదరికంలో ఈదుతున్న సంసారం, పండగ రోజులు, యజమాని సొమ్ము మీద చెయ్యి వేసిన భర్త. ఆమె ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. ఆ సొమ్ముతో వచ్చే పండగ తనకు అక్కర్లేదంటుంది. కథగా చూస్తే గురజాడదే నేర్పు. కానీ భర్త ముఖం మీదే, అతన్ని చిన్నబుచ్చకుండా, వద్దని చెప్పే భార్యను మన కథల్లో అంత ముందుగా నిలబెట్టింది అచ్చమాంబ. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలను ప్రోత్సహించి, 30 ఏళ్లకే 1905లో కన్నుమూసిన మనిషి ఆమె. నచ్చజెప్పడం ఎంత శ్రమో ఆమెకు తెలిసినంతగా ఆనాటి రచయితల్లో ఇంకెవరికైనా తెలుసా అన్నది అనుమానమే.

ఈ కథలంటే మాకు ప్రేమ. అందుకే వీటి అడుగున ఉన్న అన్యాయాన్ని కూడా చెప్పాలి. కమలిని ఎందుకంత మెత్తగా ఉంది? గట్టిగా అనే హక్కు ఆమెకు లేదు గనక. మమ్మటుడి సూత్రంలోనూ అంతే. ప్రభువుకు ఆజ్ఞ ఇచ్చారు, మిత్రుడికి వాదన ఇచ్చారు, ఆడదానికి మిగిలింది మనసు కరిగించడం. అధికారం లేనివాళ్లు తమ న్యాయాన్ని కూడా అవతలివాడికి ఇంపుగా వడ్డించుకోవాలన్న నియమం అలంకారశాస్త్రంలోకి అందమైన పేరుతో చేరిపోయింది.

ఆ నియమాన్ని మన కవులు పగలగొట్టారు. 1993లో స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు, ఇంత కటువుగా రాస్తే ఎవరు వింటారని అడిగినవాళ్లున్నారు. ఆ సంకలనాల్లోని కవులు ఎవరినీ బుజ్జగించే పని పెట్టుకోలేదు. కావ్యం కాంతలా ఉండాలన్న సూత్రాన్ని కాంతలే తోసిపుచ్చారు, ఆ సూత్రంలో చోటే దొరకని దళితులూ తోసిపుచ్చారు. తెలుగు కవిత్వం దానివల్ల పెరిగిందే గానీ తగ్గలేదు. దెబ్బ తిన్నవాడిని మెత్తగా మాట్లాడమని అడగడం మర్యాద అనిపించుకోదు.

మరి మెత్తదనాన్ని వదిలేద్దామా? వద్దు. దాన్ని అధికారం ఉన్నవాళ్ల చేత మోయించాలి. అలాంటి ప్రయత్నం ఒకటి ఇప్పటికే జరుగుతోంది గానీ, మేం కోరేది అది కాదు. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టైన్ 2008లో 'నడ్జ్' పేరుతో ఒక పుస్తకం రాశారు. మోచేత్తో మెల్లగా తట్టినట్టు, బలవంతం లేకుండా జనాన్ని మంచి వైపు మళ్లించవచ్చన్నది అందులో సారాంశం. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం 2010లోనే ఇందుకోసం ఒక బృందాన్ని పెట్టుకుంది. మన 2018-19 ఆర్థిక సర్వే దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది. ఉద్యోగి వద్దంటే తప్ప పింఛను పథకంలో దానంతటదే చేరిపోయే ఏర్పాటు దీనికి పేరున్న ఉదాహరణ. దానివల్ల చాలామందికి మేలు జరిగింది, కాదనలేం. అయినా ఇందులో నచ్చజెప్పడం ఎక్కడుంది? అవతలి మనిషికి కారణం చెప్పాలి, అతను ఆలోచించాలి, కాదనడానికి వీలుండాలి. మళ్లించినట్టు కూడా తెలియకుండా మళ్లిస్తే అందులో అతని పాత్ర ఏమీ లేదు. కమలిని కూడా దాక్కుంది నిజమే. కానీ చివరికి నవ్వి, తానక్కడే ఉన్నానని చెప్పింది.

తెలంగాణ నేల మీద ఇంకో ప్రయత్నం జరిగింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో సుమారు 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. ఆయన ప్రభుత్వానికి అర్జీ పెడతానని సరిపెట్టలేదు. ఊళ్లోవాళ్లనే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఆ రోజును అద్భుతంగా మాత్రమే చెప్పుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. చుట్టూ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. అడగకుండానే భూమి తీసుకోగలిగిన జనం పక్కనే ఉన్నందువల్ల, అడిగినవాడి మాటకు బరువొచ్చింది. తర్వాతి కాలంలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చిందన్నారు. అందులో చాలా భాగం పేదలకు చేరలేదు. ఇచ్చిన మాటను పట్టాగా మార్చాల్సిన యంత్రాంగానికి ఆ తొందర లేకపోయింది. అయినా భూమి ఉన్నవాడి ఎదుట నిలబడి, కారణం చెప్పి, జవాబు కోసం ఆగడం అనే పద్ధతి ఆ ఊళ్లో పుట్టింది. దాని విలువ తక్కువది కాదు.

2013 భూసేకరణ చట్టంలో ఆ పద్ధతి జాడ కొంత కనిపిస్తుంది. ఈసారి ఒప్పించాల్సింది బలవంతులు. ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే 80 శాతం, ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే పనికైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి ఉండాలి. అంటే అధికారి ఊరికి వెళ్లి, గ్రామసభలో కూర్చుని, కారణం చెప్పి, వద్దన్నవాడి మాట కూడా వినాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకునే భూమికి మాత్రం ఈ సమ్మతి షరతు లేదు. సాహిత్య పత్రికకు ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. మనసు మార్చడమే సాహిత్యం పని అని వెయ్యేళ్లుగా చెప్పుకుంటున్నవాళ్లం మనం. ఆ విద్య చేతకాని ప్రభుత్వాన్ని నేర్చుకోమని అడగడం మన పనే. తన కోసం తీసుకునే భూమికి కూడా అదే సమ్మతి తీసుకోవాలని ఈ పత్రిక ప్రభుత్వాన్ని కోరుతోంది.