రావాల్సిన పతకం.. రికార్డులో ఎందుకు లేదు?

1971 యుద్ధకాలంలో సైన్యంలో ఉండి ఇంటికొచ్చిన శృంగవరపుకోట జవాను డిశ్చార్జి పుస్తకం మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. చిరునామా దగ్గర విశాఖపట్నం జిల్లా అని కనిపిస్తుంది. తప్పేం కాదు. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్‌ 1న. అంతకుముందు శృంగవరపుకోట తాలూకా విశాఖ జిల్లాలోదే. ఆయన ఊరు అక్కడే ఉంది, జిల్లా పేరు మారింది. ఎవరూ రాసి పంపకపోతే ఎక్కడో వెల్లింగ్టన్‌లోనో, నాసిక్‌లోనో ఉన్న రికార్డు ఆఫీసులో పాత చిరునామాయే ఉండిపోతుంది. పతకం తయారై పోస్టులో బయల్దేరినా చేరాల్సిన ఇంటికి చేరదు.

చేరకపోవడం ఒక సమస్య. అసలు రికార్డులోనే ఎక్కకపోవడం ఇంకో సమస్య. ‘తాతగారు యుద్ధంలో పనిచేశారు కదా, మరి పతకం ఏదీ?’ అని మనవలు అడిగే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఈ రెండో సమస్యలోనే ఉంటుంది. సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే గ్రౌండ్‌కి పరుగుతీస్తున్న కుర్రాళ్లు దీన్ని పెద్దోళ్ల గొడవగా తీసిపారేయకూడదు. ఎందుకో చివర్లో చూద్దాం.

ఏ పతకం దేనికి?

ముందుగా ఒక తేడా తెలియాలి. ఇంటర్వ్యూల్లోనూ ఇక్కడే చాలామంది తడబడతారు. శౌర్య పతకాలు వేరు, సేవా పతకాలు వేరు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇస్తారు. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర దానికి వెలుపల చూపిన సాహసానికి. శ్రీకాకుళం జిల్లాకు చెందిన మేజర్‌ మల్ల రామ్‌గోపాల్‌ నాయుడికి 2024 స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా ప్రకటించింది కీర్తి చక్ర. వీటికి నెలనెలా భత్యం ఉంటుంది. 2017 ఆగస్టులో రెట్టింపు చేసినప్పుడు పరమవీర చక్రకు రూ.20,000, కీర్తి చక్రకు రూ.9,000 అయింది.

సేవా పతకాల లెక్క వేరు. ఇక్కడ సాహసాన్ని తూచరు. ఫలానా కాలంలో, ఫలానా చోట, ఫలానా హోదాలో ఉన్నావా లేదా అన్నదే చూస్తారు. 1965 యుద్ధానికి సమర్‌ సేవా స్టార్‌, రక్షా మెడల్‌. 1971కి పూర్వీ స్టార్‌, పశ్చిమీ స్టార్‌, సంగ్రామ్‌ మెడల్‌. కార్గిల్‌కి ఆపరేషన్‌ విజయ్‌ స్టార్‌, ఆపరేషన్‌ విజయ్‌ మెడల్‌. సియాచిన్‌కి ఒకటి, ఎత్తైన మంచు ప్రాంతాలకు ఇంకొకటి. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు మచ్చ లేకుండా పనిచేస్తే దీర్ఘకాల సేవా పతకాలు. అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేవి స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకాలు. 1972, 1997, 2022 సంవత్సరాల్లో ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకి అవి దక్కుతాయి. చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ చూస్తే చాలు, తేలిపోతుంది.

వీటికి నెలసరి భత్యం లేదు. మరి ఎందుకింత పట్టుదల అంటారా? ఆ పతకం అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. కంటోన్మెంట్‌ బజారులో కొనుక్కున్న నకలుకి అది ఉండదు. ఎనభై దాటిన మనిషికి ఆ అంచు మీది పేరే కావాలి.

తప్పు ఎక్కడ పడుతుంది?

ఆర్మీలో జవాను జీవితం మొత్తం కాగితం మీద నడిచేది ‘పార్ట్‌ టూ ఆర్డర్‌’ అనే ప్రచురణతో. సెలవు, పోస్టింగు, ప్రమోషను, పెళ్లి, పిల్లలు, గాయం.. ఏది జరిగినా యూనిట్‌ దాన్ని పార్ట్‌ టూ ఆర్డర్‌గా వెలువరించాలి. దాన్ని చూసి రికార్డు ఆఫీసు ఆయన షీట్‌ రోల్‌లో ఎక్కిస్తుంది. యూనిట్‌లో ప్రచురించకపోయినా, రికార్డు ఆఫీసులో ఎక్కించకపోయినా ఆ సంగతి ఆయన రికార్డుకు సంబంధించి జరగనట్టే. పతకం అర్హత కూడా అంతే. యుద్ధం అయిపోయాక యూనిట్‌ కదిలింది, మనిషి వేరే చోటికి పోస్టింగ్‌ మీద వెళ్లాడు, ఆ తర్వాత పెన్షన్‌ వచ్చేసింది. పాత యూనిట్‌ తాను పంపానని, కొత్త యూనిట్‌ తనకు అందలేదని అంటాయి. మధ్యలో ఒక ఎంట్రీ పడిపోతుంది.

మన పేర్ల తంటా ఇంకోటి. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. సైన్యం ఫారాలు ఉత్తరాది పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంటుందనుకుంటాయి. దాంతో అప్పలనాయుడు ఒక కాగితంలో ‘అప్పల నాయుడు’గా విడిపోతాడు, ఇంకోదాంట్లో ఇంటిపేరు మొత్తం పోయి ఒక్క అక్షరం మిగులుతుంది. శృంగవరపుకోటనైతే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు తెలియంది కాదు. పెన్షన్‌ చెల్లింపులు ‘స్పర్శ్‌’ ఆన్‌లైన్‌ వ్యవస్థలోకి మారాక ఈ తేడాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. ఆధార్‌లో ఒక పేరు, పెన్షన్‌ పేమెంట్‌ ఆర్డర్‌లో ఇంకో పేరు. భార్య పేరో, పుట్టిన తేదీయో తప్పుంటే రేపు కుటుంబ పెన్షన్‌ దగ్గర ఇరుక్కుంటుంది. పతకం కోసం రికార్డు తీయించినవాళ్లు ఇలాంటి తప్పులు కూడా అప్పుడే పట్టుకుంటే మంచిది. నా దృష్టిలో పతకం కన్నా ఇదే పెద్ద లాభం.

ఇరవై మూడేళ్లకు దక్కిన చక్రం

రికార్డు మారితే గౌరవం మారుతుందనడానికి మన దేశంలో గట్టి ఉదాహరణ స్క్వాడ్రన్‌ లీడర్‌ ఎ.బి.దేవయ్యది. కూర్గ్‌ మనిషి. 1965 సెప్టెంబరు 7న సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మిస్టేర్‌ విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. ఏం జరిగిందో చూసినవాళ్లు మన వైపు లేరు. ఆ జవాబు 1979లో అవతలి వైపు నుంచి వచ్చింది. పాకిస్తాన్‌ వైమానిక దళం కోరిక మీద బ్రిటిష్‌ రచయిత జాన్‌ ఫ్రికర్‌ రాసిన పుస్తకంలో, ఆ రోజు తమ ఎఫ్‌-104 స్టార్‌ఫైటర్‌ ఒకటి మిస్టేర్‌తో పోరులో కూలిందని ఉంది. వేగంలో దానికి సాటిరాని విమానంతో దేవయ్య దాన్ని కూల్చారన్నమాట. 1988లో ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అప్పటికి ఇరవై మూడేళ్లు గడిచాయి.

కార్గిల్‌ది మరో రకం కథ. బటాలిక్‌ సెక్టార్‌లో 70వ పదాతి బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్‌ దేవీందర్‌ సింగ్‌ పనితీరును పై అధికారి నివేదికల్లో తగ్గించి రాశారని సాయుధ దళాల ట్రైబ్యునల్‌ 2010 మేలో తేల్చింది. ఆ నివేదికలను సరిచేయాలని ఆదేశించింది. ఆయనకు దక్కింది విశిష్ట సేవా పతకం. అది శౌర్య పతకం కాదు.

శౌర్య పతకం ఇవ్వాలా వద్దా అన్నది సిఫార్సు, విచక్షణ మీద ఆధారపడుతుంది కాబట్టి అందులో వేలుపెట్టడానికి కోర్టులు సాధారణంగా వెనకాడతాయి. సేవా పతకం అలా కాదు. అర్హత కాగితంతో రుజువైతే ఇవ్వాల్సిందే. అందుకే ఊళ్లో పెద్దాయన కేసు దేవయ్య కేసు కన్నా ఎంతో తేలిక. కావాల్సింది సాక్ష్యం ఒక్కటే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

డిశ్చార్జి పుస్తకంలో ఉన్న పతకాల జాబితాతో మొదలుపెట్టండి. ఆయన ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఏ యూనిట్‌లో ఉన్నారో పక్కన రాసుకోండి. యుద్ధ కాలానికి ఆ తేదీలు సరిపోతున్నాయా చూడండి. ఆ తర్వాత సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్‌, కోరుతున్న పతకం స్పష్టంగా రాసి ఆయన రెజిమెంట్‌ లేదా కోర్‌ రికార్డు ఆఫీసుకు అర్జీ పంపాలి. మద్రాస్‌ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్‌, ఆర్టిలరీకి నాసిక్‌, ఈఎంఈకి సికింద్రాబాద్‌, సిగ్నల్స్‌కి జబల్‌పూర్‌. నౌకాదళ సెయిలర్ల రికార్డులు ముంబయిలో, ఎయిర్‌మెన్‌వి దిల్లీలోని సుబ్రతో పార్క్‌లో ఉంటాయి. ఏది ఎక్కడికో అర్థం కాకపోతే విజయనగరంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నదే ఇందుకు. కోట నుంచి బస్సెక్కి వెళ్లి డిశ్చార్జి పుస్తకం చూపిస్తే చాలు. పోయిన పతకానికి నకలు అడుగుతున్నారా, రికార్డులో లేని పతకం ఎక్కించమంటున్నారా అన్నది అర్జీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. రెండూ వేర్వేరు దారులు.

జవాబు రాకపోతే రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. షీట్‌ రోల్‌లో ఏముందో నకలు అడగాలి, ‘పతకం ఎందుకివ్వలేదు’ అని వాదించకూడదు. అప్పటికీ తేలకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్‌. 2007 చట్టంతో వచ్చి 2009లో పని మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌ కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. ముందు శాఖకు అర్జీ పెట్టుకుని ఉండాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో వెళ్లాలి, ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది.

అమెరికాలో ఈ పనికి పౌరులతో కూడిన రికార్డుల సవరణ బోర్డులే వేరుగా ఉన్నాయి. అయినా అక్కడి కష్టం అక్కడిదే. 1973 జులై 12న సెయింట్‌ లూయిస్‌ రికార్డుల కేంద్రంలో మంటలు రేగి కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా సైనికుల ఫైళ్లు కాలిపోయాయి. పాత జీతాల పట్టీలు, ఆసుపత్రి కాగితాలు పోగేసి ఇప్పటికీ సర్వీసును తిరిగి రుజువు చేస్తున్నారు.

అగ్నివీరులకు ఇందులో ఏముంది?

మన దగ్గర ఫైళ్లు పోవడానికి మంటలే అక్కర్లేదు. పెన్షన్‌ రాని సైనికుల సర్వీసు కాగితాలను 25 ఏళ్లు ఉంచి ఆ తర్వాత తీసేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్లలోని 595వ పేరా చెబుతోంది. తర్వాత మిగిలేది లాంగ్‌ రోల్‌లోని క్లుప్త వివరాలే. కొద్దికాలం పనిచేసి బయటికొచ్చిన పాతతరం వాళ్ల కేసులు చాలా ఇక్కడే ఆగిపోయాయి. నాలుగేళ్లు చేసి బయటికొచ్చే అగ్నివీరుడికి పెన్షన్‌ లేదు. ఆ లెక్కన అతని ఫైలు ఎన్నాళ్లు ఉంటుందన్నది అడగాల్సిన ప్రశ్నే.

నిబంధనల ప్రకారం అగ్నివీరులకూ పతకాలకు అర్హత ఉంది. కానీ వాళ్లు చేరడం మొదలైంది 2022 చివర్లో కాబట్టి 75వ వార్షికోత్సవ పతకం వాళ్లకి రాదు. నాలుగేళ్లకే వచ్చేస్తే తొమ్మిదేళ్ల పతకమూ లేదు. మిగిలేవి పోస్టింగును బట్టి వచ్చేవే, అంటే సియాచిన్‌, ఎత్తు ప్రాంతాలు, ప్రత్యేక విధులు. అవన్నీ ఆ చోట గడిపిన రోజుల లెక్కతో, పార్ట్‌ టూ ఆర్డర్‌తో ముడిపడినవే. తొలి బ్యాచ్‌లకు నాలుగేళ్లు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. ప్రతి బ్యాచ్‌లో శాశ్వత సర్వీసులోకి తీసుకునేది నాలుగో వంతు మందినే. మిగతావాళ్లు యూనిట్‌ గేటు దాటకముందే తమ పోస్టింగు తేదీలు, పతకాల ఎంట్రీలు, పేరు, నామినీ వివరాలు సరిచూసుకుని, పార్ట్‌ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు రాసుకుని రావాలి. గేటు దాటాక ఆ నంబరు కోసం మళ్లీ రికార్డు ఆఫీసుకే ఉత్తరం రాయాలి.