ఫ్లెక్సీలో లేని ఫొటోలు

జీమ్యాట్ వెర్బల్‌లో 45 నిమిషాలకి 23 ప్రశ్నలు. అందులో క్రిటికల్ రీజనింగ్ వస్తే చాలు, నాకు వణుకు. రోజంతా కోడ్‌లో బగ్గులు వెతికేవాణ్ణి, నాలుగు లైన్ల పేరాలో లొసుగు దొరికేది కాదు. కారణం తర్వాత తెలిసింది. నేను ‘ఈ మాట నిజమేనా?’ అని చూసేవాణ్ణి. అక్కడ అడిగేది అది కాదు. చెప్పిన సమాచారం నిజమే అనుకోవాలి. దాంతో ఆ ముగింపు నిలబడుతుందా, ఇంకో కారణం ఏమైనా ఉండొచ్చా అన్నదే లెక్క.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. నీట్ లాంగ్‌టర్మ్‌లో చేరతాడట, ఫీజు లక్షన్నర. ‘‘అన్నయ్యా, ఫ్లెక్సీ మీద 40 మంది ఫొటోలున్నాయి, అందరికీ సీట్లొచ్చాయి!’’

ఫొటోలు అబద్ధమని నేను అనలేదు. ‘‘మొత్తం చేరింది ఎంతమందిరా?’’ అన్నా. 50 మందిలో 40 వేరు, 2,000 మందిలో 40 వేరు కదా. వాడు వెళ్లి అడిగితే బ్రోచర్ చేతిలో పెట్టారట.

ఈలోపు నాన్న 10 వేలు అడ్వాన్స్ కట్టేశారు. అదేంటి నాన్నా అంటే, ‘‘మన వీధి పిల్లాడి ఫొటో కూడా ఉందిరా అందులో’’ అన్నారు.

ఉంది, నేనూ చూశా. వాడు ఆరో తరగతి నుంచీ క్లాస్ ఫస్టే.