పిరమిడ్ కట్టినంత తేలిక కాదు

నైజీరియా ఉత్తర ప్రాంతంలోని కానో నగరంలో ఒకప్పుడు వేరుశనగ బస్తాలను పిరమిడ్లలా పేర్చేవారు. లాగోస్ రేవుకు వెళ్లే రైళ్ల కోసం ఎదురుచూసే సరుకది. పశ్చిమాన కోకో, తూర్పున పామాయిల్ కూడా దేశానికి విదేశీ మారకం తెచ్చిపెట్టేవి. 1956లో ఒలోయిబిరిలో చమురు పడింది. 1973 తర్వాత చమురు ధరలు ఎగబాకి, నైరా బలపడి, దిగుమతి తిండి చవకైంది. యువత పొలాలు వదిలి పట్నాల బాట పట్టింది. పిరమిడ్లు కనుమరుగయ్యాయి.

సేద్యాన్ని మళ్లీ నిలబెడతామని ప్రకటించని ప్రభుత్వం లేదు. 1976లో ఒక పథకం, 1980లో 'హరిత విప్లవం' పేరుతో మరొకటి. చమురు డబ్బు కుమ్మరిస్తే పంట దానంతటదే పండుతుందన్నది రెండింటి ధీమా. కాస్త భిన్నంగా ఆలోచించింది 2011లో వ్యవసాయ మంత్రి అయిన అకిన్వుమి అడెసినా. సర్కారు కొని పంచే ఎరువులు 11 శాతం రైతులకు మించి చేరడం లేదని ఆయనే చెప్పారు. మిగతాది ఎవరి గోదాములకు చేరేదో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయన దళారులను పక్కనపెట్టి, రాయితీని నేరుగా రైతు సెల్‌ఫోన్‌కే పంపారు. 2015లో ప్రభుత్వం మారాక ఆ పథకం చతికిలపడింది.

కొత్త అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ వరి రైతులకు కేంద్ర బ్యాంకు రుణాలిప్పించారు, బియ్యం దిగుమతులకు డాలర్లు ఆపించారు. 2019 ఆగస్టులో సరిహద్దులే మూసేశారు. గురి పొరుగునున్న బెనిన్ మీద. కాకినాడ వంటి రేవుల నుంచి అక్కడికి చేరే ఉప్పుడు బియ్యంలో అధికభాగం బెనిన్ వాసులు తినేది కాదు, దొడ్డిదారిన నైజీరియాకు వెళ్లేది. గేటు మూస్తే ధర పెరిగింది, రైతులు వరి వేశారు. కానీ పండించాలంటే ముందు పొలానికి వెళ్లాలి కదా! 2020 నవంబరులో బోర్నో రాష్ట్రంలోని జబర్మారీ దగ్గర పొలాల్లో పనిచేస్తున్న పదుల మందిని ఉగ్రవాదులు ఊచకోత కోశారు. ఆ మరుసటి నెలలోనే సరిహద్దులు తెరుచుకోవడం మొదలైంది.

2022 జనవరిలో రాజధాని అబుజాలో బుహారీ కొత్త పిరమిడ్లు ఆవిష్కరించారు, ఈసారి ధాన్యం బస్తాలతో. ఫొటోలు ఘనంగా వచ్చాయి. 2024 జూన్‌కల్లా ఆహార ద్రవ్యోల్బణం 40 శాతం దాటింది. బుహారీ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జులైలో కొన్ని ఆహార దిగుమతులపై 150 రోజులపాటు సుంకం ఎత్తేస్తున్నట్లు ప్రకటించింది. ఆ జాబితాలో బియ్యమూ ఉంది.