మీ బాస్‌ది ఏ షాట్?

కొత్త ఉద్యోగంలో చేరిన వారం రోజుల్లోనే మనకు ఒక సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ తప్పు కనిపిస్తే నోరు విప్పొచ్చా, మూసుకుని కూర్చోవాలా అన్నది. ఇది ఆఫర్ లెటర్‌లో రాసి ఉండదు. మీటింగ్‌లో ఎవరో ఒకరు సందేహం అడిగినప్పుడు బాస్ మొహం చూస్తే చాలు, అర్థమైపోతుంది.

ఆఫీసుల్లో నాయకత్వం మారుతోందని ఈమధ్య అంతా అంటున్నారు. నిజమే, చాలాచోట్ల 'సార్' పోయి పేరు పెట్టి పిలవడం వచ్చింది. క్యాబిన్ గోడలు పోయాయి. 'మనమంతా ఒకే ఫ్యామిలీ' అనే మాట వచ్చింది. మరి అసలు మారాల్సింది మారిందా? అది తేల్చుకోవడానికి మంచి కొలబద్ద ఒకటి మన జహీరాబాద్ దగ్గరే ఉంది. దాన్ని తయారుచేసింది ఎంబీఏ ప్రొఫెసర్లు కాదు, చేనుపనికి వెళ్లే ఆడవాళ్లు.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దీంతో కలిసి పనిచేసే ఊరి సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. చాలామంది బడి మొహం చూడనివాళ్లు. వాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. లో యాంగిల్, టాప్ యాంగిల్ లాంటి ఇంగ్లిష్ మాటలు వాళ్లకు ఎక్కలేదు. సొంత పేర్లు పెట్టేసుకున్నారు. పైనుంచి కిందికి తీస్తే 'పటేల్ షాట్'. ఎందుకంటే పటేల్ ఎప్పుడూ జనాన్ని పైనుంచే చూస్తాడు. కింద నుంచి పైకి తీస్తే అది బానిస చూపు. దొర ముందు తలెత్తి చూసే జీతగాడి చూపు. కంటికి కన్ను ఎదురుగా పెట్టి తీస్తే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానమే కదా!

ఇప్పుడు ఈ మూడింటినీ మీ ఆఫీసుకు పట్టుకెళ్లండి. రాత్రి పదకొండుకి వాట్సాప్ గ్రూపులో 'పొద్దున్నకల్లా కావాలి' అని పడే మెసేజ్ పటేల్ షాట్. కుదరదని తెలిసినా టీమ్ అంతా థంబ్స్ అప్ పెట్టడం జీతగాడి చూపు. 'ఇది పొద్దున్నకి కాదు, మధ్యాహ్నానికి అవుతుంది, కారణం ఇదీ' అని ఒకరు అంటే, 'సరే, అలాగే చేద్దాం' అని పైవాళ్లు అనగలిగితే అది సంఘం షాట్.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. పటేల్ నవ్వుతూ మాట్లాడినా పటేలే. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. 'అన్నీ తెలుసు' అనేవాడికన్నా 'అన్నీ నేర్చుకుంటా' అనేవాడే మేలని చెప్పి కంపెనీ వాతావరణాన్ని మార్చారన్న పేరు తెచ్చుకున్నారు. కానీ అదే కంపెనీ 2023 జనవరిలో 10,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆయన మాట అబద్ధమని కాదు. మాట మెత్తబడటం వేరు, నిర్ణయం పంచుకోవడం వేరు. రెండోదే కష్టం.

పంచుకుంటే ఎలా ఉంటుందో కూడా జహీరాబాద్ పల్లెలే చూపించాయి. 1990ల్లో ఈ సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నలతో సొంత ధాన్యనిధి పెట్టుకున్నాయి. ఎవరిల్లు ఎంత పేదదో, ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చింది ఆఫీసర్ లిస్టు కాదు, అందరి ఎదుటా కూర్చున్న ఊరి జనమే. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. మైకు ముందూ వాళ్లే, మిషన్ దగ్గరా వాళ్లే. సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ ఒకప్పుడు దూరదర్శన్ ప్రొడ్యూసర్. కెమెరా పని బాగా తెలిసిన మనిషి. కావాలంటే కెమెరా తన చేతిలోనే ఉంచుకుని వాళ్ల గురించి తనే చెప్పొచ్చు. వాళ్ల చేతికే ఇచ్చారు. లీడర్ పని అంటే అదే.

'ఎన్జీఓలో నడుస్తుందిగానీ ఫ్యాక్టరీలో నడుస్తుందా?' అంటారా? ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న జహీరాబాద్ కుర్రాళ్లకు అసెంబ్లీ లైన్ గురించి చెప్పనక్కర్లేదు. టయోటా వాళ్లు ఆ లైన్ పక్కనే ఒక తాడు కట్టారు. లోపం కనిపిస్తే మామూలు కార్మికుడే దాన్ని లాగుతాడు. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. సమస్య అప్పటికప్పుడు తీరకపోతే లైన్ ఆగుతుంది. లైన్ ఆగితే నష్టమేగానీ, తప్పుడు బండి బయటికి వెళ్తే ఇంకా పెద్ద నష్టం. అందుకే తాడు లాగినవాణ్ని తిట్టకూడదు. వచ్చి 'ఏమైంది?' అని అడగాలి.

కాబట్టి మీ ఆఫీసులో బీన్ బ్యాగులు, పిజ్జా పార్టీలు చూసి మురిసిపోకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. చెడ్డ వార్త బాస్ దాకా ఎంతసేపట్లో చేరుతోంది? పోయినసారి 'కాదు' అన్నవాళ్లకు తర్వాత ఏమైంది? బాస్ వారం సెలవు పెడితే పని నడుస్తుందా, సంతకం కోసం ఆగుతుందా?

జవాబులు బాగోకపోతే రేపే రాజీనామా చేయమని అనను. ఇంట్లో ఈఎంఐలు ఉంటాయి, చెల్లెలి ఫీజు ఉంటుంది. కానీ ఇంకో రెండేళ్లకో మూడేళ్లకో మీ కింద కూడా ఒక ఫ్రెషర్ చేరతాడు. మొదటి మీటింగ్‌లో భయం భయంగా ఏదో అడుగుతాడు. మనల్ని పైనుంచి చూసినవాళ్ల మీద కోపం అతని మీద తీర్చుకోవడం చాలా ఈజీ. అప్పుడు కెమెరా మీ చేతిలో ఉంటుంది. ఏ షాట్ పెడతారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.